ముక్కులో పలికే ధ్వని: చెవి తీర్పు, యంత్రపు కొలత

మానవుల భాషలూ వర్ణాలూ వేర్వేరుగా ఉండటం తన సూచనలలో ఒకటని అల్లాహ్ దివ్య ఖుర్ఆన్‌లోని అర్ రూమ్ సూరా 22వ ఆయతులో తెలియజేశాడు. భాషల భేదాన్ని గురించి ఆలోచించేవారు సాధారణంగా పదాలను, వ్యాకరణాలను గురించి ఆలోచిస్తారు. కాని మాట పదం కావడానికి ముందు ధ్వని. ఆ ధ్వనికి గొంతు, నాలుక, పెదవులు ఎంత అవసరమో ముక్కు కూడా అంత అవసరం. ముక్కు పాలు తగినంత ఉంటే మాట నిండుగా ఉంటుంది. ఖుర్ఆన్ పఠనంలో కొన్ని చోట్ల అది తప్పనిసరి కూడా. దానినే గున్నా అంటారు. ముక్కు పాలు హద్దు మీరితే మాట అర్థం కాకుండా పోతుంది. మరీ తక్కువైతే జలుబు చేసిన మనిషి మాటలా మూసుకుపోతుంది.

అయితే తగినంత అంటే ఎంత? ఆ సంగతి చెప్పవలసింది వినేవాని చెవా, లేక యంత్రమా? ఇది పరిశోధనశాలలకు మాత్రమే సంబంధించిన ప్రశ్న కాదు. మక్తబులో పిల్లలకు ఖాయిదా చెప్పే ఉస్తాదుకు, ముక్కుతో మాట్లాడే బిడ్డను కన్న తల్లిదండ్రులకు ఇది నిత్యం ఎదురయ్యే ప్రశ్న.

మక్తబులో ఒక పిల్లవాడు

జగ్గయ్యపేటలోగాని, నందిగామలోగాని, మునేరు, పాలేరు వాగుల వెంట ఉన్న మెట్ట పల్లెల్లోగాని ఒక మక్తబును ఊహించుకోవచ్చును. పిల్లలు వరుసగా కూర్చుని అక్షరాలు వల్లిస్తున్నారు. వారిలో ఒక పిల్లవాడు ‘బా’ అంటే ‘మా’ అన్నట్లు వినిపిస్తుంది. ‘దాల్’ అనబోతే ‘నాల్’కు దగ్గరగా వస్తుంది. ‘కాఫ్’ అనేటప్పుడు ముక్కులోంచి గాలి బుస్సుమంటుంది. ఉస్తాదు మళ్ళీ చెప్పమంటాడు. పిల్లవాడు మళ్ళీ అలాగే చెబుతాడు. పక్క పిల్లలు నవ్వుతారు. నాలుగు రోజులు గడిచేసరికి ఆ పిల్లవాడు గొంతు తగ్గించి పెదవులు మాత్రం కదుపుతాడు. నెల గడిచేసరికి మక్తబుకే రానంటాడు.

ఇక్కడ లోపం శ్రద్ధలో ఉన్నదా, నేర్పే పద్ధతిలో ఉన్నదా, శరీర నిర్మాణంలో ఉన్నదా అన్నది మొదట తేలాలి. శ్రద్ధ లోపమైతే అభ్యాసం చాలు. నిర్మాణ లోపమైతే వెయ్యిసార్లు వల్లింపజేసినా ఫలితం ఉండదు. ఈ రెండింటినీ వేరుచేయటానికే ముక్కుధ్వనిని కొలిచే విద్య పనికివస్తుంది.

అంగిలి తలుపు

నోటి పైకప్పు ముందుభాగం గట్టిగా ఉంటుంది. నాలుకను వెనక్కు జరిపి తడిమితే ఆ గట్టి భాగం ముగిసి మెత్తని భాగం మొదలవుతుంది. దీనిని మెత్తని అంగిలి అంటారు. దాని చివర వేలాడేదే కొండనాలుక. ఈ మెత్తని అంగిలి ఒక తలుపు వంటిది. అది పైకి, వెనక్కు లేచి గొంతు వెనుక గోడను తాకినప్పుడు ముక్కు దారి మూసుకుంటుంది. గాలీ ధ్వనీ నోటిగుండా పోతాయి. అది కిందికి దిగినప్పుడు ముక్కు దారి తెరుచుకుంటుంది.

‘ప, బ, త, ద, క, గ’ వంటి హల్లులకు నోటిలో గాలి కాసేపు బిగిసి ఒక్కసారిగా విడుదల కావాలి. తలుపు సరిగా మూసుకోకుంటే ఆ గాలి ముక్కులోంచి జారిపోతుంది. అందుకే ‘బ’ కాస్తా ‘మ’లా, ‘ద’ కాస్తా ‘న’లా వినిపిస్తాయి. ‘మ, న’లకు మాత్రం తలుపు తెరిచే ఉండాలి. ‘మనిషి’ అనే చిన్న మాటలోనే తలుపు రెండు హల్లులకు తెరుచుకుని, ‘షి’ దగ్గరకు వచ్చేసరికి మూసుకోవాలి. మనిషి ఎరగకుండానే ఈ పని సెకనులో కొద్ది భాగంలో జరిగిపోతుంది.

ముక్కుధ్వని లోపాలు ముఖ్యంగా రెండు రకాలు. తలుపు మూసుకోక ముక్కుధ్వని ఎక్కువ కావటం ఒకటి. ముక్కు దారిలో అడ్డు ఏర్పడి, రావలసిన చోట కూడా రాకపోవటం రెండవది. జలుబు చేసినవాడు ‘అమ్మ’ అనబోతే ‘అబ్బ’లా వినిపించటం ఈ రెండవ రకానికి ఉదాహరణ. లోకంలో రెండింటినీ కలిపి ‘ముక్కుతో మాట్లాడుతున్నాడు’ అనేస్తారు. నిజానికి అవి పరస్పర విరుద్ధమైనవి. వాటి చికిత్సలూ వేరు.

పన్నెండు వందల ఏళ్ళ నాటి పరీక్ష

ముక్కుధ్వనిని పరీక్షించటం నవీన కాలంలో పుట్టిన ఆలోచన కాదు. భారతదేశంలో పాణిని తన వ్యాకరణం ఆరంభంలోనే నోటితోనూ ముక్కుతోనూ కలిపి పలికే వర్ణాన్ని అనునాసికంగా నిర్వచించాడు. అరబ్బీ వ్యాకరణ పితామహులలో ఒకడైన సీబవైహ్ (మరణం క్రీ.శ. 796 ప్రాంతం) తన ‘అల్ కితాబ్’లో నూన్, మీమ్ అక్షరాలను వర్ణిస్తూ, వాటి ధ్వని ముక్కులోంచి వచ్చే గున్నా అని, ముక్కును మూసి పట్టుకుంటే ఆ ధ్వని సాగదని వివరించాడు. ముక్కు పట్టుకుని చూడటమన్నది నేటికీ వాక్చికిత్సకులు మొట్టమొదట చేసే పరీక్ష. బస్రా పండితుడు వ్రాసిపెట్టిన ఆ సూక్ష్మాన్నే నేటి ఆసుపత్రి గదిలో చేసి చూస్తున్నారన్నమాట.

తజ్వీద్ పండితులు దీనిని శాస్త్రంగా విస్తరింపజేశారు. ఇబ్నుల్ జజరీ (1350–1429) అక్షరాలు పుట్టే స్థానాలను పదిహేడుగా లెక్కించి, వాటిని అయిదు ప్రదేశాల కింద చేర్చాడు. నోటి ఖాళీ, కంఠం, నాలుక, పెదవులు కాగా అయిదవది ఖైషూమ్, అనగా ముక్కు లోపలి భాగం. గున్నా స్థానం అదే.

సుకూన్ గల నూన్‌కు, తన్వీన్‌కు వర్తించే నాలుగు నియమాలు ఖాయిదా దాటిన ప్రతి విద్యార్థికీ తెలిసినవే. ఆరు కంఠ్యాక్షరాల ముందు నూన్‌ను స్పష్టంగా పలకటం ఇజ్‌హార్. ఆరు అక్షరాలలో కలిపివేయటం ఇద్గామ్; ఇందులో నాలుగింటికి గున్నా ఉన్నది, లామ్, రా అనే రెండింటికి లేదు. ‘బా’ ముందు నూన్‌ను మీమ్‌గా మార్చటం ఇఖ్‌లాబ్. మిగిలిన పదిహేను అక్షరాల ముందు నూన్‌ను మరుగుపరచి గున్నాను నిలుపటం ఇఖ్ఫా. షద్ద్ గల నూన్, మీమ్‌ల మీద గున్నాను రెండు హరకత్‌ల కాలం నిలపాలి.

గమనించదగిన విషయమేమిటంటే, ఈ నియమాలు గున్నా ఉండాలని మాత్రమే చెప్పి ఊరుకోలేదు. ఎక్కడ ఉండాలో, ఎక్కడ ఉండరాదో, ఎంతసేపు ఉండాలో కూడా చెప్పాయి. మద్ద్ అక్షరాలను సాగదీసేటప్పుడు ధ్వనిని ముక్కులోకి పోనివ్వటం దోషమని ఉస్తాదులు హెచ్చరిస్తారు. అరబ్బీ భాషావేత్తలు గున్నా కంటె తీవ్రమైన ముక్కుధ్వనికి ఖున్నా అని వేరే పేరే పెట్టారు. గున్నా గుణం, ఖున్నా లోపం. రెండింటి మధ్య ఉన్నది పరిమాణ భేదమే. కొలత అవసరమన్న భావన ఆ రెండు మాటల మధ్యనే ఉన్నది.

ఒకే నాలుక, మూడు భాషలు

తెలుగునాట ముస్లిం కుటుంబాలలో పెరిగే పిల్లల విషయంలో మరొక చిక్కు ఉన్నది. ఇంట్లో దక్కనీ ఉర్దూ, బడిలోనూ బజారులోనూ తెలుగు, మక్తబులో అరబ్బీ. ఈ మూడు భాషలు ముక్కును ఒకే తీరుగా వాడుకోవు.

తెలుగులో ముక్కుధ్వని ప్రధానంగా ‘మ, న, ణ’ వంటి హల్లులది, వాటికి బదులుగా నిలిచే నిండు సున్నది. ‘పంట’, ‘కంప’ అన్నప్పుడు సున్న తర్వాతి అక్షరాన్ని బట్టి ‘ణ్’గానో ‘మ్’గానో మారుతుంది. పూర్వం అరసున్న కూడా ఉండేది. 1858లో వెలువడిన చిన్నయసూరి బాలవ్యాకరణం వంటి గ్రంథాలు దాని నియమాలను వివరించాయి. అయితే వాడుక ఉచ్చారణలో ఆ అనునాసికత ఎప్పుడో పోయింది. తరువాతి కాలంలో అరసున్న గుర్తు కూడా వాడుక వ్రాతలోంచి తప్పుకున్నది.

ఉర్దూలో అలా కాదు. అక్కడ అచ్చే ముక్కుతో పలుకుతుంది. వ్రాతలో దానికి చుక్కలేని నూన్ గున్నా ఉన్నది. ‘హై’ అంటే ఏకవచనం, ‘హైఁ’ అంటే బహువచనం. దక్కనీలో ‘బాతాఁ’, ‘లోగాఁ’ వంటి బహువచనాలు ముక్కుధ్వనితోనే ముగుస్తాయి. కాబట్టి ఉర్దూ మాట్లాడే ఇంట్లో అచ్చుకు ముక్కుధ్వని కలిపే అలవాటు పిల్లవానికి సహజంగానే వస్తుంది. అది రోగం కాదు, భాష.

అరబ్బీలో ముక్కుధ్వని నూన్, మీమ్‌లది. పఠనంలో దాని కాలపరిమితి కూడా నియమబద్ధం. అందువల్ల తెలుగు అలవాటుతో వచ్చిన పిల్లవాడు ఇఖ్ఫా చోట నూన్‌ను తెలుగు సున్నలా తేల్చేసి పోవచ్చును. ఉర్దూ అలవాటుతో వచ్చిన పిల్లవాడు ముందున్న అచ్చును కూడా ముక్కులోకి లాగవచ్చును. ఖుర్ఆన్‌ను తెలుగు లిపిలో వ్రాసుకుని చదివేవారికి ఈ ఇబ్బంది మరీ ఎక్కువ. ఇజ్‌హార్ నూన్‌కూ, ఇఖ్ఫా నూన్‌కూ, షద్ద్ నూన్‌కూ తెలుగు లిపిలో వేర్వేరు గుర్తులు లేవు. సున్నను చూసి గున్నా ఎంతో తెలుసుకోలేరు. అది ఉస్తాదు నోట విని నేర్చుకోవలసినదే.

దీనివల్ల తేలేదేమిటంటే, ముక్కుధ్వనిని కొలిచే ముందు అది ఏ భాషలో కొలుస్తున్నారో తెలియాలి. ఒక భాషకు ఏర్పరచిన హద్దును మరొక భాష మీద రుద్దితే, ఆరోగ్యంగా ఉన్నవాడు రోగిగా, రోగి ఆరోగ్యవంతుడుగా కనిపించే ప్రమాదం ఉన్నది.

యంత్రాలు ఏమి కొలుస్తాయి?

అన్నిటికంటె పాత పరికరం అద్దం. చల్లని చిన్న అద్దాన్ని ముక్కు రంధ్రాల కింద పట్టి, ముక్కు హల్లులు లేని వాక్యం పలికిస్తే అద్దం మీద ఆవిరి పట్టకూడదు. పట్టిందంటే గాలి ముక్కులోంచి జారుతున్నట్లే. 19వ శతాబ్ది మధ్యభాగంలో చెర్మాక్ అనే శరీరశాస్త్రజ్ఞుడు ఇటువంటి పరీక్షలు చేశాడు. గాలి పోతున్నదని అద్దం చెబుతుందేగాని ఎంత పోతున్నదో చెప్పదు.

1964లో అమెరికాలో వారెన్, డుబోయి అనే పరిశోధకులు నోటిలోని గాలి ఒత్తిడిని, ముక్కులోంచి పోయే గాలి ప్రవాహాన్ని కొలిచి, అంగిలి తలుపు వద్ద మిగిలిన సందు వైశాల్యాన్ని లెక్కగట్టే పద్ధతిని ప్రకటించారు. ఆ సందు చదరపు మిల్లీమీటర్లలోకి వచ్చేంత చిన్నది. సుమారు 20 చదరపు మిల్లీమీటర్లకు మించిన సందు ఉంటే మాటలో లోపం సాధారణంగా స్పష్టంగా బయటపడుతుంది.

1970లో శామ్యూల్ ఫ్లెచర్ మరొక మార్గం తొక్కాడు. అతడు గాలిని కాక ధ్వనినే కొలిచాడు. ఆ ఆలోచన నుండే 1980ల రెండవ భాగంలో నేజోమీటరు అనే పరికరం మార్కెట్టులోకి వచ్చింది. దీని నిర్మాణం సులభంగా అర్థమవుతుంది. పై పెదవి మీద, ముక్కు కింద ఒక అడ్డుపలక ఉంటుంది. పలక పైన ఒక మైకు, కింద ఒక మైకు. పైది ముక్కు ధ్వనిని, కిందిది నోటి ధ్వనిని పట్టుకుంటుంది. ముక్కు ధ్వని శక్తిని, ముక్కు నోరు రెండింటి మొత్తం శక్తితో భాగించి నూరుతో హెచ్చిస్తే వచ్చే అంకెను నేజలెన్స్ అంటారు. ముక్కు వాటా 15, నోటి వాటా 85 అయితే నేజలెన్స్ 15 అన్నమాట.

ఇంగ్లీషు మాట్లాడే ఆరోగ్యవంతులు ముక్కు హల్లులు లేని పాఠం చదివినప్పుడు సగటు 15 ప్రాంతంలో ఉంటుంది. ముక్కు హల్లులు దట్టంగా ఉన్న వాక్యాలు చదివినప్పుడు 60 వరకు పోతుంది. మొదటి పాఠంలో అంకె 30కి అటూ ఇటూగా గాని, అంతకు మించిగాని వస్తే లోపాన్ని అనుమానిస్తారు. ఈ హద్దులు ఇంగ్లీషువి. తెలుగుకు తెలుగు వాక్యాలే కావాలి. ‘బాబు పొద్దుటే బడికి పోతాడు’ వంటి వాక్యంలో ముక్కు హల్లు ఒక్కటీ లేదు. ‘మా మామ మామిడి మొక్కను నాన్నమ్మకు ఇమ్మన్నాడు’ వంటి దానిలో అవే ఎక్కువ. అచ్చుల సంగతి కూడా చూడాలి. ‘ఆ’ కంటె ‘ఈ’ పలికినప్పుడు ఆరోగ్యవంతులకు కూడా అంకె ఎక్కువ వస్తుంది. కాబట్టి ‘ఇ, ఈ’లు నిండిన వాక్యానికీ, ‘అ, ఆ’లు నిండిన వాక్యానికీ ఒకే హద్దు పనికిరాదు. ఉర్దూ వాక్యమైతే నూన్ గున్నా గల మాటలను కూడా తప్పించాలి.

ఈ అంకెను సెల్ ఫోను మైకుతో రాబట్టవచ్చునా అని కొందరికి అనిపించవచ్చును. ఫోనులో నోటి ధ్వని, ముక్కు ధ్వని కలిసే చేరతాయి. అడ్డుపలక లేకుండా రెంటినీ వేరుచేసి ఆ వాటాను లెక్కించటం కుదరదు. మాటను భద్రపరచి నిపుణునికి వినిపించటానికి ఫోను పనికివస్తుంది. నేజలెన్స్ కొలవటానికి కాదు.

వీటికి తోడు, సన్నని గొట్టంలో అమర్చిన కెమెరాను ముక్కులోంచి పంపి తలుపు మూసుకోవటాన్ని కళ్ళారా చూసే పద్ధతి, మాట్లాడుతుండగా ఎక్స్‌రే చిత్రం తీసే పద్ధతి కూడా ఉన్నాయి. శస్త్రచికిత్స అవసరమా, అయితే ఏ రకమైనది అని నిర్ణయించటానికి వైద్యులు వీటిని ఆశ్రయిస్తారు.

చెవి ఏమి తీర్పు చెబుతుంది?

ఇన్ని యంత్రాలు వచ్చిన తరువాత కూడా ముక్కుధ్వని విషయంలో చివరి మాట శిక్షణ పొందిన చెవిదేనని ఈ రంగంలోని నిపుణులు అంగీకరిస్తారు. కారణం సులభం. ముక్కుధ్వని ఎక్కువా తక్కువా అనేది వినేవాని అనుభవం. వినేవానికి ఇబ్బంది లేని మాటను యంత్రం తప్పుపట్టినంత మాత్రాన అది లోపం కాదు. వినేవానికి అర్థం కాని మాటను యంత్రం సరేనన్నంత మాత్రాన అది సరైన మాటా కాదు.

అయితే చెవి కూడా పొరపడుతుంది. బిడ్డ పెదవి మీది కుట్టు మచ్చను చూసినవాడు ముక్కుధ్వనిని ఉన్నదానికంటె ఎక్కువగా వింటాడు. తల్లి రోజూ వినే గొంతు కాబట్టి లోపాన్ని తక్కువగా వింటుంది. ఒక తీవ్రమైన గొంతు విన్న వెంటనే మధ్యరకం గొంతు వింటే అది మామూలుగా తోస్తుంది. బొంగురు గొంతు, హల్లుల తడబాటు, గొంతు స్థాయి కూడా తీర్పును పక్కకు లాగుతాయి.

అందుకని చెవి తీర్పుకు కొన్ని నియమాలు ఏర్పరచుకున్నారు. మాటను నిశ్శబ్దమైన గదిలో రికార్డు చేయాలి. వినేవారు పిల్లవాని ముఖం చూడకూడదు. పేరు, చికిత్సకు ముందుదా తర్వాతదా అన్న వివరం వారికి తెలియకూడదు. ఒకరు కాక కనీసం ఇద్దరు ముగ్గురు వేర్వేరుగా వినాలి. రికార్డులను కలగాపులగం చేసి, కొన్నింటిని తెలియకుండా రెండవసారి వినిపించాలి. రెండుసార్లూ ఒకే తీర్పు చెప్పినవాని చెవినే నమ్మాలి. ‘లేదు, స్వల్పం, మధ్యమం, తీవ్రం’ అనే మెట్లకు ముందుగానే మాదిరి ధ్వనులు వినిపించి, అందరి చెవులనూ ఒక కొలబద్దకు తేవాలి.

సాక్షుల విషయంలో, ఉల్లేఖకుల విషయంలో ఎంతో జాగ్రత్త వహించిన ఇస్లామీ విద్యా సంప్రదాయం ఎరిగినవారికి ఈ నియమాలు కొత్తగా అనిపించవు. ఒకరి మాటను మరొకరి మాటతో పోల్చి చూడటం, చెప్పేవాని నిలకడను పరీక్షించటం, ముందే ఏర్పడిన అభిప్రాయం తీర్పులోకి చొరబడకుండా చూడటం అక్కడా ఇక్కడా ఒకటే.

రెండూ విభేదించినప్పుడు

నేజలెన్స్ అంకెకూ, వినేవారి తీర్పుకూ సంబంధం ఎంత అని పరిశోధకులు అనేకసార్లు పరీక్షించారు. కొన్ని పరిశోధనలలో ఆ సంబంధం గట్టిగా కనిపించింది. మరికొన్నింటిలో బలహీనంగా ఉన్నది. ఈ తేడాకు కారణాలున్నాయి.

అంగిలి తలుపు మూసుకోని బిడ్డకు జలుబు కూడా చేసి ముక్కు బిగుసుకున్నదనుకుందాం. ముక్కు ధ్వని బయటకు రాదు కాబట్టి అంకె తగ్గిపోతుంది. యంత్రం బాగానే ఉన్నదంటుంది, కాని మాట బాగాలేదని చెవి గ్రహిస్తుంది. దీనికి విరుద్ధంగా, ముక్కులోంచి గాలి బుస్సుమనే శబ్దం పై మైకులో చేరి అంకెను పెంచవచ్చును. అప్పుడు ధ్వని లోపం కంటె గాలి జారుడు ముఖ్యమని చెవి వేరుచేసి చెప్పగలదు. అడ్డుపలక సరిగా ఆనకపోయినా అంకె మారుతుంది. యంత్రం శక్తిని కొలుస్తుంది. చెవి భావాన్ని వింటుంది.

కాబట్టి ఈ రెండూ విభేదించినప్పుడు ఒకదానిని పారేసి రెండవదానిని పట్టుకోవటం విజ్ఞత కాదు. విభేదం స్వయంగా ఒక సమాచారం. జలుబు తగ్గాక మళ్ళీ కొలవటం, వాక్యాలు మార్చి చూడటం, మరో చెవికి వినిపించటం, అవసరమైతే కెమెరాతో లోపలికి చూడటం అనేవే సరైన దారులు. యంత్రానికి మరొక గొప్ప ప్రయోజనం ఉన్నది. చికిత్సకు ముందు ఒక అంకె, ఆరు నెలల తరువాత మరొక అంకె వ్రాసిపెట్టుకుంటే మార్పు కనబడుతుంది. జ్ఞాపకానికి ఆ నమ్మకం లేదు.

ఖుర్ఆన్ పఠనం విషయంలోనూ ఇదే న్యాయం. గున్నా రెండు హరకత్‌లు నిలిచిందా అని ధ్వని చిత్రం మీద కాలాన్ని కొలవవచ్చును. కాని హరకత్ అనేది గడియారపు సెకను కాదు. అది పఠించేవాని వేగాన్ని అనుసరించేది. నిదానంగా పఠించేవాని రెండు హరకత్‌లు, త్వరగా పఠించేవాని రెండు హరకత్‌లు సెకన్లలో సమానం కావు. ఒకే పఠనంలో అవి పరస్పరం సమానంగా ఉన్నాయా అన్నదే ప్రశ్న. ఆ తులనాత్మక భావం ఉస్తాదు చెవిలో ఉన్నది. తరతరాలుగా గురువు నోటినుండి శిష్యుని చెవికి, శిష్యుని నోటినుండి గురువు చెవికి ఈ విద్య చేరుతూ వచ్చింది. యంత్రం ఆ గొలుసుకు తోడు కాగలదు, అందులో ఒక కడియ కాజాలదు.

లోపానికి కారణాలు, అపోహలు

ముక్కుధ్వని ఎక్కువ కావటానికి ముఖ్యమైన కారణం పుట్టుకతో అంగిలి చీలి ఉండటం. ప్రపంచం మొత్తం మీద సుమారు 700 జననాలలో ఒక బిడ్డకు పెదవిలోగాని, అంగిలిలోగాని, రెండింటిలోగాని చీలిక ఉంటుందని అంచనా. తెలుగునాట దీనిని గ్రహణం మొర్రి అంటారు. గర్భిణి గ్రహణం నాడు బయటకు వచ్చిందనో, కత్తి పట్టిందనో, అందువల్ల బిడ్డకు ఇలా జరిగిందనో నిందిస్తారు. ముస్లిం ఇళ్ళు కూడా ఈ మాటకు అతీతంగా లేవు.

ఈ సందర్భంలో ఒక చారిత్రక సంఘటన స్మరణీయం. క్రీ.శ. 632లో దైవప్రవక్త (స) కుమారుడు ఇబ్రాహీం పసితనంలో మరణించిన రోజున సూర్యగ్రహణం పట్టింది. ఆ మరణం వల్లనే గ్రహణం వచ్చిందని ప్రజలు చెప్పుకున్నారు. పుత్రశోకంలో ఉన్న ప్రవక్త (స) ఆ మాటను అంగీకరించలేదు. సూర్యచంద్రులు అల్లాహ్ సూచనలని, ఒకరి చావు కోసంగాని పుట్టుక కోసంగాని వాటికి గ్రహణం పట్టదని వివరించి, నమాజు వైపు వారిని మళ్ళించారు. బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఈ ఉల్లేఖన ఉన్నది. ఒకరి పుట్టుకకు గ్రహణంతో ముడి లేదని ప్రవక్త (స) స్పష్టం చేసిన తరువాత, బిడ్డ పెదవికి గ్రహణాన్ని ముడిపెట్టి తల్లిని దోషిని చేయటం ఎంతవరకు తగును?

వైద్యశాస్త్రం ప్రకారం ఈ చీలిక గర్భం దాల్చిన తొలి మూడు నెలలలోనే ఏర్పడుతుంది. రెండు వైపులనుండి వచ్చి కలవవలసిన కణజాలం కలవకుండా మిగిలిపోవటమే దానికి మూలం. వంశపారంపర్య కారణాలు, ఇతర కారణాలు కలిసి అలా జరుగుతుంది.

కొందరు పిల్లలలో పైకి చీలిక కనిపించదు. పైపొర కలిసే ఉన్నా లోపలి కండరం కలవదు. కొండనాలుక రెండుగా చీలి ఉండటం దీనికి ఒక గుర్తు. ఇటువంటి పిల్లలే మక్తబులోనూ బడిలోనూ సోమరులుగా ముద్రపడే ప్రమాదం ఎక్కువ. వినికిడి లోపం, కండరాల బలహీనత, ముక్కు వెనుక ఉండే అడినాయిడ్లను తీసివేసిన తరువాత ఏర్పడే సందు కూడా ముక్కుధ్వనికి కారణాలు కావచ్చును.

అంగిలి చీలికకు శస్త్రచికిత్సను సాధారణంగా బిడ్డకు ఏడాది, ఏడాదిన్నర వయసు లోపు చేస్తారు. మాటలు బలపడకముందే తలుపు సిద్ధం కావాలన్నది దీని ఉద్దేశం. ఆ తరువాత కూడా కొందరికి తలుపు పూర్తిగా మూసుకోదు. వారికి రెండవ శస్త్రచికిత్స, వాక్చికిత్స అవసరమవుతాయి. బుడగలు ఊదించటం, పిల్లనగ్రోవి ఊదించటం వంటివి తలుపును బలపరుస్తాయని ఒక నమ్మకం ఉన్నది. ఊదటం వేరు, మాట్లాడటం వేరు. ఊదే అభ్యాసం వల్ల మాటలోని ముక్కుధ్వని తగ్గుతుందన్నది రుజువు కాలేదు. మాట మాట్లాడించటం ద్వారానే బాగుపడుతుంది.

ఏమి చేయవచ్చును?

మెట్ట ప్రాంతపు గ్రామంలో నేజోమీటరు ఉండదు. ఉండనక్కరలేదు కూడా. మొదటి పరీక్షకు కావలసినవి ఒక అద్దం, రెండు వేళ్ళు, శ్రద్ధగల చెవి. ముక్కు హల్లులు లేని వాక్యాన్ని పిల్లవానితో ఒకసారి మామూలుగా, ఒకసారి ముక్కు మూసి చెప్పించాలి. రెండింటికీ తేడా ఉండకూడదు. ముక్కు మూసినప్పుడు మాట మారితే ముక్కు దారి తెరిచి ఉన్నట్లు అనుమానించాలి. ముక్కు హల్లులు గల వాక్యాన్నీ అలాగే చెప్పించాలి. ఈసారి తేడా తప్పక ఉండాలి. లేకుంటే ముక్కులో అడ్డు ఉన్నదన్నమాట. ఇది రోగనిర్ణయం కాదు. నిపుణుని వద్దకు పంపాలా వద్దా అన్న నిర్ణయం మాత్రమే.

2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పుట్టినప్పటి నుండి పద్దెనిమిదేళ్ళ వరకు పిల్లలకు చేసే పరీక్షల జాబితాలో పెదవి, అంగిలి చీలికలు ఉన్నాయి. విజయవాడకూ హైదరాబాదుకూ నడుమ రహదారి మీద ఉన్న నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతాల వారికి రెండు నగరాల ఆసుపత్రులూ అందుబాటులోనే ఉన్నాయి. వాక్కు, వినికిడి విద్యలకు 1965లో మైసూరులో అఖిల భారత సంస్థ ఏర్పడింది. 1983లో బొంబాయిలో స్థాపించిన జాతీయ సంస్థకు అలీ యావర్ జంగ్ పేరు పెట్టారు. ఉస్మానియా విశ్వవిద్యాలయానికి ఉపాధ్యక్షునిగా పనిచేసి, మహారాష్ట్ర గవర్నరుగా ఉంటూ 1976లో మరణించిన హైదరాబాదీ ఆయన. ఆ సంస్థకు సికింద్రాబాదులో ప్రాంతీయ కేంద్రం ఉన్నది.

ఉస్తాదు చేతిలో ఉన్నది

మూసా ప్రవక్త (అ) తన నాలుక ముడిని విప్పమని, ప్రజలు తన మాటను గ్రహించేలా చేయమని అల్లాహ్‌ను వేడుకున్నట్లు తాహా సూరాలో ఉన్నది. మాట తడబాటు దైవసందేశం మోసే గౌరవానికి అడ్డు రాలేదు. ఖుర్ఆన్‌ను కష్టపడుతూ, తడబడుతూ పఠించేవానికి రెండు ప్రతిఫలాలు ఉన్నాయని దైవప్రవక్త (స) శుభవార్త ఇచ్చారు. ఏ ప్రాణి మీదా దాని శక్తికి మించిన భారం వేయబడదని అల్ బఖరా సూరా చివరి ఆయతు తెలుపుతున్నది. ఒకరినొకరు ఎగతాళి చేయవద్దని, పేర్లు పెట్టి పిలవవద్దని అల్ హుజురాత్ సూరా ఆదేశిస్తున్నది. ముక్కుతో మాట్లాడే పిల్లవాని విషయంలో ఉస్తాదుకూ, తోటి పిల్లలకూ, తల్లిదండ్రులకూ ఈ నాలుగు మాటలూ వర్తిస్తాయి.

నేర్చుకోగలవాడు ఉదాసీనంగా తప్పు చదవటం వేరు, అంగిలి సహకరించనివాడు తన శక్తి మేరకు చదవటం వేరు. మొదటివానికి దిద్దుబాటు కావాలి. రెండవవానికి ముందు వైద్యం, ఆపైన ఓపిక కావాలి. ఈ ఇద్దరిని వేరుచేసే మొదటి సాధనం మక్తబులో కూర్చున్న ఉస్తాదు చెవి. నూన్‌కు, మీమ్‌కు, ఇఖ్ఫాకు, ఇజ్‌హార్‌కు మధ్యనున్న సన్నని తేడాలను ఏళ్ళ తరబడి విని పదునెక్కిన చెవి అది. గున్నా తక్కువైతే పట్టుకోగల ఆ చెవి, ‘బా’ ఎందుకు ‘మా’గా మారుతున్నదో కూడా ఒక్కసారి ఆలోచిస్తే, వెనుక వరుసలో పెదవులు మాత్రం కదుపుతున్న పిల్లవాని గొంతు మళ్ళీ వినిపించే అవకాశం ఉన్నది. అల్లాహ్‌యే బాగా ఎరిగినవాడు.